ఇస్సాకు బావులు, అపార్ట్‌మెంట్ గ్రూపు గొడవలు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన సంచికలో యూదుల షబ్బాత్ (శనివారపు విశ్రాంతి దినం) మీద వేసిన వ్యాసంలో, హసీదీ రబ్బీలు, అంటే యూదుల్లో ఒక భక్తి మార్గానికి చెందిన గురువులు, ఆ వారం చదివే తోరా భాగాన్ని ఇంటి తగాదాలకూ కొట్టు లెక్కలకూ ముడిపెట్టి చెబుతారని రెండు వాక్యాలు రాసి ఊరుకున్నాం. ఆ రెండు వాక్యాల మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: వారం వారం చదివే తోరా భాగాన్ని ఇంట్లో ఉన్న తెలుగు బైబిలుతోనే చదువుకోవచ్చా? యూదుల క్యాలెండరులో ఇచ్చే వచనాల అంకెలు ఒక్కోసారి మా పుస్తకంతో కలవడం లేదు. – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నిక్షేపంగా చదువుకోవచ్చు. తోరా అంటే మీ బైబిల్లో మొదటి ఐదు కాండాలే, ఆదికాండము నుంచి ద్వితీయోపదేశకాండము దాకా. యూదులు వాటిని 54 భాగాలు చేసుకున్నారు. ఒక్కో భాగాన్ని పరాషా అంటారు. సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో వచ్చే సిమ్హత్ తోరా పండుగనాడు ఆఖరి భాగం ముగించి, అదే రోజు మళ్లీ ఆదికాండము ఎత్తుకుంటారు. అధిక మాసం లేని ఏడాదిలో వారాలు చాలవు కాబట్టి కొన్ని భాగాలను జంటగా చదివేస్తారు. అందుకే కొన్ని వారాలు మీ క్యాలెండరులో రెండు పేర్లు కనిపిస్తాయి. అది అచ్చుతప్పు కాదు.

అంకెలు కలవకపోవడానికి కారణం, తెలుగు బైబిలు ఇంగ్లీషు బైబిలు అధ్యాయాల లెక్కను పట్టుకోవడం. హీబ్రూ ప్రతుల్లో కొన్ని అధ్యాయాలు వేరే చోట విరుగుతాయి. లేవీయకాండములో ‘సావ్’ అనే భాగం హీబ్రూ లెక్కలో 6:1 దగ్గర మొదలవుతుంది, మీ పుస్తకంలో అది 6:8. యాకోబు నిచ్చెన కల ఉన్న ‘వయెట్సె’ భాగం వాళ్లకు 32:3తో ముగిస్తే మీకు 32:2తో ముగుస్తుంది. తేడా వచ్చినప్పుడు అంకెను వదిలేసి వాక్యాన్ని పట్టుకోండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. పస్కా పండుగ ఎనిమిదో రోజుగానీ షావువోత్ (పెంతెకొస్తు) పండుగ రెండో రోజుగానీ శనివారం పడితే, ఇజ్రాయెల్ ఒక భాగం ముందుకు వెళ్లిపోతుంది, బయటి దేశాలు వెనకబడతాయి. ఎందుకంటే ఆ అదనపు పండుగ రోజు ఇజ్రాయెల్లో లేదు. ఎక్కడో ఒక జంట భాగం దగ్గర మళ్లీ కలుస్తారు. మీ క్యాలెండరు ‘ఇజ్రాయెల్’దో ‘ప్రవాస’దో ముందే చూసుకుంటే ఆ గందరగోళం ఉండదు.

చదివే పద్ధతికి వస్తే, శనివారం ఉదయం సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనామందిరంలో, పరాషాను ఏడు ముక్కలుగా చదువుతారు, ముక్కకొకరిని పిలుస్తారు. హసీదుల్లో హబాద్ అనే శాఖవాళ్లు ఆ ఏడు ముక్కలనే వారానికి పంచుకున్నారు: ఆదివారం మొదటిది, సోమవారం రెండోది, అలా శనివారం ఏడోది. పక్కనే రాషీ వ్యాఖ్యానం చూస్తారు. రాషీ 1040 నుంచి 1105 దాకా జీవించిన ఫ్రాన్సు పండితుడు, వాచ్యార్థాన్ని తేటగా విప్పుతాడు. ‘తొల్దోత్’ భాగంలో 106 వచనాలు ఉన్నాయనుకోండి, రోజుకు సగటున పదిహేను. పావుగంట పని. భాగాలన్నీ ఒకే కొలతలో ఉండవు. ‘నాసో’ 176 వచనాలు, ‘వయెలెక్’ ముప్పయ్యే.

చాలామంది శుక్రవారం రాత్రి మొత్తం ఒక్కసారి చదివి, ఏదో ఒక నీతి ఏరుకుని పుస్తకం మూసేస్తారు. అలా చేస్తే కథ తెలుస్తుంది గానీ ఆ వారం దానితో గడిపినట్టు కాదు. హబాద్ మూలపురుషుడు ష్నెయూర్ జల్మన్ (1745–1812) శిష్యులకు ‘కాలంతో కలిసి బతకాలి’ అని చెప్పాడు. వాళ్లు మొదట తికమకపడ్డారు. ఆయన ఉద్దేశం ఆ వారం పరాషాతో, అందులో ఆ రోజు ముక్కతో బతకమని.

ప్రశ్న: అసలు హసీదులు ఎవరు? నల్ల కోటు, బొచ్చు టోపీ అని తప్ప తెలియదు. – ఒక పాఠకుడు, వరంగల్లు

జవాబు: పద్దెనిమిదో శతాబ్దంలో, ఇప్పటి ఉక్రెయిన్‌లోని పొదోలియా ప్రాంతంలో పుట్టిన భక్తి ఉద్యమం వాళ్లది. దాని ఆద్యుడు బాల్ షెమ్ తోవ్. మెద్జిబిజ్ అనే ఊళ్లో ఉండేవాడు, 1760లో పోయాడు. ఆయన తర్వాత మెజెరిచ్‌కు చెందిన దోవ్ బెర్, ఆపైన ఆయన శిష్యులు పోలండు, ఉక్రెయిన్, బెలారస్ ప్రాంతాల్లో తలా ఒక శాఖ పెట్టారు. ఒక్కో శాఖకు ఒక రెబ్బె, అంటే గురువు. గేర్, హబాద్, బ్రెస్లవ్ అని మీరు వినే పేర్లన్నీ అవే, ఎక్కువ భాగం ఊళ్ల పేర్లు. పండితుడు కాని వాడి ప్రార్థనకూ, అంగట్లో చేసే బేరానికీ దేవుడి దగ్గర చోటుందని వాళ్లు గట్టిగా నిలబడ్డారు. బొచ్చు టోపీ అందరూ పెట్టరు, పెట్టేవాళ్లు కూడా షబ్బాత్‌కీ పండుగలకీ పెళ్లిళ్లకే.

ప్రశ్న: ఆఫీసులో నేను మొదలుపెట్టి నిలబెట్టిన పనిని ఇంకొకరు తమ ఖాతాలో వేసుకుంటున్నారు. ఇది రెండోసారి. పోట్లాడాలా, వదిలేయాలా? మీ హసీదులు ఏమంటారో చెప్పండి. – ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ఆదికాండము 26వ అధ్యాయం తీయండి. నవంబరు ప్రాంతంలో వచ్చే ‘తొల్దోత్’ భాగంలోది, హబాద్ లెక్కలో మంగళవారం ముక్క. సరిగ్గా మీ సమస్యే.

ఇస్సాకు గెరారులో నూరంతల పంట తీశాడు. కళ్లమంట పుట్టిన ఫిలిష్తీయులు, అతని తండ్రి అబ్రాహాము నాటి బావులన్నిటినీ మట్టితో పూడ్చేశారు. తాము తాగడానికీ కాదు, ఇంకొకరికి ఇవ్వడానికీ కాదు, ఊరికే పూడ్చారు. ఇస్సాకు ముందు ఆ పాత బావులను తవ్వి తండ్రి పెట్టిన పేర్లే మళ్లీ పెట్టాడు. తర్వాత లోయలో కొత్త బావి తవ్వితే ఊట పడింది. గెరారు కాపరులు వచ్చి నీళ్లు మావన్నారు. దానికి ఏశెకు, అంటే జగడం, అని పేరు పెట్టి ఇంకోటి తవ్వాడు. దాని కోసమూ తగాదా. దానికి శిత్నా, అంటే పగ, అని పేరు. అక్కడి నుంచి కదిలి మూడోది తవ్వాడు. ఈసారి ఎవరూ రాలేదు. అది రహెబోతు, అంటే విశాలమైన చోటు.

హసీదీ వ్యాఖ్యానాలు ఇక్కడ పట్టుకునేది తవ్వకాన్ని. బావి తవ్వేవాడు నీళ్లు ఎక్కడి నుంచో మోసుకొచ్చి పోయడు. నీళ్లు ముందే కింద ఉన్నాయి, వాటిని కప్పిన మట్టిని తీయడమే అతని పని. అబ్రాహాము మార్గం పైనుంచి అందరికీ పంచిపెట్టడమైతే, ఇస్సాకు మార్గం మట్టి తీసి లోపలున్నదాన్ని బయటికి రప్పించడం అంటారు. నైపుణ్యం మీలో ఉన్న ఊట అయితే, ఒక బావిని లాక్కున్నవాడు ఆ బావినే లాక్కున్నాడు, ఊటను కాదు.

దీన్ని ‘పోనీలే అని సర్దుకుపో’ అని చదివేవాళ్లు చాలామంది. అది సగం చదువు. మళ్లీ చూడండి, ఇస్సాకు తగాదా జరగనట్టు నటించలేదు. జగడం జరిగిన బావికి జగడం అనే పేరు పెట్టాడు, ఆ పేరు తోరాలో ఇప్పటికీ ఉంది. మీ విషయంలో ఆ పేరు పెట్టడం అంటే, ఎవరు ఏ తేదీన ఏ పని చేశారో మీ పై అధికారికి ఒక మెయిల్‌లో, విశేషణాలు లేకుండా రాసి ఉంచడం. రెండో సంగతి, అతను కదిలిన ప్రతిసారీ తవ్వాడు. తవ్వకుండా కదిలితే అది ఓడిపోవడమే. మూడోది అందరూ మరిచిపోయేది. చివర్లో, ఇస్సాకును ఊరు వదిలి పొమ్మన్న గెరారు రాజు అబీమెలెకు తనంతట తాను రాజీకి వస్తాడు. ఇస్సాకు ‘దయచేయండి’ అనడు. ‘మీరు నా మీద పగపట్టి నన్ను పంపేశారు కదా, ఇప్పుడెందుకు వచ్చారు’ అని ముఖం మీదే అడుగుతాడు. ఆ మాట అన్న తర్వాతే విందు, తెల్లవారి ప్రమాణం. ఆ రోజే పనివాళ్లు వచ్చి ‘నీళ్లు పడ్డాయి’ అని చెబుతారు.

రెండు బావులు పోయాయని రాశారు. మూడోది తవ్వే చోటు అదే లోయలోనా, కాస్త అవతలా అన్నది మీరు చూసుకోవాలి. ఇస్సాకు మూడోసారి చోటు మార్చాడు.

ప్రశ్న: వారానికి మూడు రోజులు ఉపవాసం ఉంటాను. ఒళ్లు తూలుతోందని ఇంట్లో గోల. హసీదులు భక్తులు కదా, ఉపవాసాన్ని మెచ్చుకుంటారా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మెచ్చుకోరు, కనీసం అతిగా చేస్తే. యూదులకు యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్త దినం) వంటి నియత ఉపవాసాలున్నాయి, వాటిని పాటిస్తారు. బాల్ షెమ్ తోవ్ కాలానికి వాటి మీద ఇంకా ఇంకా కలుపుకుని శరీరాన్ని ఎండగట్టే అలవాటు ముదిరింది. ఆయన తన శిష్యుడైన పొలొన్నె రబ్బీ యాకొవ్ యోసెఫ్‌కు అంత కఠినంగా ఉపవాసాలు చేయవద్దని ఉత్తరం రాశాడు.

దీనికి ఆయన పేరు మీద చెప్పే ఆధారం ‘మిష్పాతీం’ భాగంలోని నిర్గమకాండము 23:5. నీకు పగవాడైనవాని గాడిద బరువు కింద పడి ఉంటే, వదిలేసి పోవాలని నీకు అనిపించినా పోవద్దు, అతనితో కలిసి దాన్ని విడిపించు అని ఆ ఆజ్ఞ. బాల్ షెమ్ తోవ్ ఆ గాడిదను మన ఒళ్లుగా చదివాడు. సాధకుడికి మొదట్లో ఒళ్లు పగవాడిలా కనిపిస్తుంది: ఆకలి వేస్తుంది, నిద్ర వస్తుంది, జపానికి అడ్డం పడుతుంది. కొట్టి లొంగదీద్దామనిపిస్తుంది. అలా కాదు, దాని బరువు దించి దాన్నే తోడు చేసుకుని నడవమంటాడు.

ఈ ఆజ్ఞకు తాల్ముద్ (రబ్బీల ధర్మచర్చల గ్రంథం) పెట్టిన షరతులు కూడా మీకు పనికొస్తాయి. బరువు దించడం ఉచితంగా చేయాలి, ఎత్తడానికి కూలి అడగవచ్చు. యజమాని పక్కన కూర్చుని ‘ఆజ్ఞ నీది, నువ్వే దించుకో’ అంటే నీకు బాధ్యత లేదు, వాక్యంలో ‘అతనితో కలిసి’ అని ఉంది కాబట్టి. ముసలివాడో జబ్బుమనిషో అయితే మాత్రం ఒక్కడివే దించాలి. ఒళ్లూ మనసూ రెండూ భుజం కలపాలి, ఒకటి తిని పడుకుంటే రెండోది మోయదు.

షబ్బాత్‌నాడు యోమ్ కిప్పూర్ పడితే తప్ప ఉపవాసం ఉండకూడదు, మూడు పూటల భోజనం విధి. ప్రాణానికి ముప్పున్న రోగి యోమ్ కిప్పూర్‌నాడు కూడా తినాలి. తినకపోతే అది భక్తి కింద లెక్కకు రాదు, తప్పు కిందే వస్తుంది. ఒళ్లు తూలుతోందన్నారు కనుక, ముందు డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: మన్నా కురిసిన అధ్యాయాన్ని ఫలానా మంగళవారం చదివితే డబ్బు ఇబ్బందులు పోతాయని ఫోనులో ఒక సందేశం తిరుగుతోంది. నిజమేనా? – ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ఆ అలవాటు ఉన్నమాట నిజం. రిమనోవ్ రెబ్బె మెనహెం మెండెల్ (1745–1815) పేరు మీద చెలామణి అవుతోంది. ‘బెషలాహ్’ భాగం వచ్చే వారం మంగళవారంనాడు నిర్గమకాండములోని మన్నా ఘట్టాన్ని, అంటే ఎడారిలో ఇజ్రాయెలీయులకు ఆకాశం నుంచి ఆహారం కురిసిన కథను, హీబ్రూలో రెండుసార్లు, అరమాయిక్ అనువాదంలో ఒకసారి చదువుతారు. ఏ మంగళవారమైనా చెల్లదు, తెలుగు సందేశాల్లో ఈ ముక్క ఎగిరిపోయింది. చదివి డబ్బు కోసం ఎదురుచూసేవాడు ఆ ఘట్టాన్ని చదవనట్టే, ఎందుకంటే అందులో ఉన్నది వేరు.

తలకు ఒక ఓమెరు కొలత. ఎక్కువ ఏరుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ ఏరుకున్నవాడికి తగ్గలేదు. తెల్లవారికి దాచినవాళ్లది పురుగుపట్టి కంపు కొట్టింది. ఆరో రోజు రెండు ఓమెర్లు దొరికాయి, అవి మాత్రం చెడలేదు. ఏడో రోజు కొందరు అయినా బయటికి వెళ్లారు, ఏమీ దొరకలేదు. అలాగని ఇది సోమరుల కథా కాదు. ఏరుకోవాలి, తిరగలిలో విసరాలి లేదా రోట్లో దంచాలి, ఉడకబెట్టాలి. సంఖ్యాకాండము 11:8లో ఆ వంట అంతా ఉంది.

హసీదీ బోధ ప్రకారం మన పని ఒక పాత్ర మాత్రమే, నిండేది పైనుంచి. పాత్ర లేకపోతే పట్టుకోలేవు, పాత్రలు పెంచినంత మాత్రాన వాన పెరగదు. హబాద్ గ్రంథాల్లో సంపాదన యావను ఒంటికి మించిన పొడుగు బట్టతో పోల్చారు, నడిచేవాడి కాళ్లకే అడ్డం పడుతుంది. ఆచరణలో ఇది రెండు కచ్చితమైన గడువులుగా దిగుతుంది. పొద్దున పనిలోకి దిగకముందు చదువుకు కేటాయించిన సమయాన్ని ఏ బేరం వచ్చినా ముట్టుకోరు. శుక్రవారం సూర్యాస్తమయానికి సాధారణంగా 18 నిమిషాల ముందు దీపాలు వెలిగిస్తారు, గల్లాపెట్టె అప్పటికే మూసి ఉండాలి. బల్ల మీద రెండు రొట్టెలు పెట్టి గుడ్డ కప్పుతారు: ఆరో రోజు రెండు పాళ్లకు గుర్తుగా రొట్టెలు, మన్నా పైన పడ్డ మంచుకు గుర్తుగా గుడ్డ. డబ్బు కంగారు ఉన్న ఇంట్లో ఆ మంగళవారం పారాయణ కంటే ఈ శుక్రవారం గడువు ఎక్కువ పని చేస్తుందని మా అభిప్రాయం.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకావిడ మీద ఆరోపణలు పెట్టారు. కొన్ని నిజమే కూడా. నేనూ రెండు మాటలు రాశాను, ఇప్పుడు మనసు పీకుతోంది. తోరాలో దీనికేమైనా ఉందా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఉంది, అదీ ఎవరూ చదవని చోట. లేవీయకాండము 13, 14 అధ్యాయాలు, ‘తజ్రియా’, ‘మెట్సోరా’ భాగాలు. అందులో వచ్చే మచ్చను తెలుగు బైబిలు కుష్ఠు అంటుంది గానీ, ఇప్పటి డాక్టర్లు చూసే జబ్బు ఇది కాదు. ఇది బట్టలకూ ఇంటి గోడలకూ కూడా పడుతుంది. తాల్ముద్ దీన్ని చాడీల ఫలితంగా చూస్తుంది. తమ్ముడు మోషే గురించి చెడుగా మాట్లాడిన మిర్యాము ఈ మచ్చ పడి ఏడు రోజులు పాళెం బయట ఉండవలసి వచ్చింది. చాడీ చెప్పేవాణ్ణీ, వినేవాణ్ణీ, ఎవరి గురించి చెప్పారో ఆ మనిషినీ, ముగ్గురినీ చంపుతుందని తాల్ముద్ మాట. ఆరోపణ నిజమైనా అది చాడీయే, అబద్ధమైతే ఇంకా పెద్ద తప్పు.

మచ్చను పరీక్షించే యాజకుడికి మిష్నా (తాల్ముద్‌కు ఆధారమైన పాత ధర్మగ్రంథం) పెట్టిన నిబంధనలు చూడండి. తెల్లవారుజామున చూడకూడదు, సాయంత్రం చూడకూడదు, ఇంటి లోపల చూడకూడదు, మబ్బు పట్టిన రోజు చూడకూడదు: ఆ వెలుగులో మాసిన తెలుపు కూడా మెరుపులా కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నమూ వద్దు, ఆ ఎండలో మెరిసే తెలుపు మాసినట్టుంటుంది. పగటిని పన్నెండు గంటలు చేస్తే 4, 5, 8, 9 గంటల్లో చూడాలని రబ్బీ యెహూదా అన్నాడు. ఒంటికన్ను యాజకుడు పనికిరాడు. తన మచ్చను తాను చూసుకోకూడదు, తన చుట్టాల మచ్చనూ చూడకూడదని రబ్బీ మెయిర్ అన్నాడు. కొత్త పెళ్లికొడుకైతే విందుల ఏడు రోజులు పరీక్షే వాయిదా. గోడ మీద మచ్చ కనిపించినవాడు ఎంత పండితుడైనా ‘మా ఇంట్లో మచ్చ ఉంది’ అనకూడదు, ‘మచ్చ వంటిదేదో కనిపిస్తోంది’ అనాలి. సందేహం ఉంటే ఏడు రోజులు వేరుగా ఉంచి మళ్లీ చూస్తారు. యాజకుడు ‘అపవిత్రం’ అని నోటితో అనేదాకా అది అపవిత్రం కాదు.

ఇంతా చేసి ఆ మాట యాజకుడే ఎందుకు అనాలి? హసీదీ వివరణ ఏమిటంటే, యాజకుడు ప్రజలను ప్రేమతో దీవించవలసినవాడు. ఒక మనిషిని వెలి పెట్టే మాట అనే హక్కు, ఆ మాట అనకుండా ఉండటానికి ఎన్ని దారులున్నాయో వెతికేవాడికే ఉంటుంది. బాల్ షెమ్ తోవ్ ఇంకాస్త ముందుకు వెళ్లాడు. ఎదుటివాడిలో తప్పు కంటపడిందంటే దాని ఛాయ ఏదో నీలోనూ ఉంది, అద్దం చూపించినట్టు నీకు చూపించారు, ముందు దాన్ని సరిచేసుకో అన్నాడు. ఆవిడ చెత్త సంచి మెట్ల మీద పెట్టిందని రాసినవాళ్లు, మెయింటెనెన్స్ కట్టని నెల తమకూ ఉందేమో చూసుకోవాలన్నమాట. ఇది ఎవరికి వాళ్లు వేసుకోవలసిన ప్రశ్న, ఎదుటివాళ్ల నోరు మూయించడానికి వాడుకునేది కాదు. అలా వాడితే అది కూడా చాడీయే.

ఇక మీరు చేయవలసింది. మీ సందేశం తీసేయండి. తీసేసినంత మాత్రాన అయిపోదు, చదివినవాళ్లు చదివేశారు. కాబట్టి అదే గ్రూపులో ‘నాకు పూర్తిగా తెలియకుండా రాశాను’ అని ఒక్క వాక్యం పెట్టండి. ఆవిడ దగ్గరికి ఒక్కరే వెళ్లి మన్నింపు అడగండి. క్షమాపణ చెప్పేటప్పుడు ఆవిడకు తెలియని మాటలు మళ్లీ ఏకరువు పెట్టకండి, అది పుండు మీద కారం. అసలు సమస్య నిజంగా ఉంటే, ఈ తడవ సంఘంలో పరిష్కరించగల ఒక్కరికే, పట్టపగలు, ‘వంటిది’ అనే మాట చేర్చి చెప్పండి.

ప్రశ్న: రెబ్బెలు షబ్బాత్‌నాడు గంటలకొద్దీ పరాషా మీద మాట్లాడతారట. ఆ రోజు రాయకూడదు, రికార్డు చేయకూడదు. మరి పుస్తకాలు ఎలా వచ్చాయి? – ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: జ్ఞాపకం మీద. హబాద్‌లో ఇందుకు ప్రత్యేకంగా హోజెర్ అనేవాళ్లు ఉండేవారు. బల్ల చుట్టూ నిలబడి మొత్తం విని, శనివారం చీకటి పడ్డాక నలుగురూ కూర్చుని వరస కలుపుకుని రాసేవారు. ఏడో రెబ్బె మెనహెం మెండెల్ ష్నెయెర్సన్ (1902–1994) ప్రసంగాలకు యోయెల్ కాహ్న్ చాలా ఏళ్లు ఆ పని చేశాడు. ఏకసంథాగ్రాహులు మన అవధానాల్లోనే కాదు, అక్కడా ఉన్నారు.

ప్రశ్న: తెలుగువాళ్లలో యూదులు ఉన్నారా? వాళ్లూ హసీదులేనా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది. ఇజ్రాయెలీయుల ఎఫ్రాయిము గోత్రం తమదని చెప్పుకుంటారు, సొంత సినగాగ్ ఉంది, షబ్బాత్ పాటిస్తారు. వాళ్లు హసీదులు కారు. హసీదీ శాఖలు తూర్పు ఐరోపాలో పుట్టి, అక్కడి నుంచి ఎక్కువగా న్యూయార్కుకూ ఇజ్రాయెల్‌కూ చేరాయి.